ఏడో ప్రశ్న పక్కన ఖాళీ

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, వీలైనంతవరకు ఆవిడ మాటల్లోనే ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె వయసు 28. రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎం.వి.పి. కాలనీలో అమ్మానాన్నలతో ఉంటారు. అన్నయ్య బెంగళూరులో. నాన్నగారు ముప్పై ఏళ్ళకు పైగా మర్చంట్ నేవీలో పనిచేసి, చీఫ్ ఆఫీసరుగా రెండేళ్ళ కిందట ఆఖరిసారి షిప్ దిగారు. "చిన్నప్పుడు నాన్నంటే ఆరేడు నెలలకోసారి పెద్ద సూట్‌కేసుతో వచ్చే చుట్టం. నాకు కొత్త పోయేలోపు ఆయన సెలవు అయిపోయేది. రిటైరయ్యాకే నాకు నాన్న దొరికారు" అని రాశారు.

తండ్రీకూతుళ్ళను దగ్గర చేసినవి సినిమాలు. శనివారం రాత్రి ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా చూడటం, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ దాన్ని విప్పి చూడటం. 'ఆదిత్య 369'తో మొదలుపెట్టారట. ఏ సీన్లో లాజిక్ పోయింది, ఎవరు ఎందుకలా చేశారు అని ఇద్దరూ గంటలకొద్దీ వాదించుకుంటుంటే, వాళ్ళమ్మగారు "మీకు వేరే పని లేదా" అంటూనే రెండోసారి కాఫీ కలిపేవారట.

సంక్రాంతికి అన్నయ్య వచ్చినప్పుడు 'ఇంటర్‌స్టెల్లార్' పెట్టారు. చూడనివాళ్ళ కోసం కథ నాలుగు మాటల్లో చెబుతాను. భూమ్మీద పంటలన్నీ తెగులుకు పోయి మొక్కజొన్న ఒక్కటే మిగిలిన రోజులు. ఒకప్పుడు పైలట్‌గా చేసిన కూపర్, పదేళ్ళ కూతురు మర్ఫ్‌ని, కొడుకు టామ్‌ని మామగారి దగ్గర వదిలి, మనుషులు బతకగల గ్రహం వెతకడానికి వెళ్తాడు. దారిలో ఒక నీళ్ళ గ్రహం ఉంటుంది. అక్కడ ఒక గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్ళు గడుస్తాయి. అక్కడ జరిగిన ఆలస్యానికి 23 ఏళ్ళు పోతాయి. చివరికి అతను, వెలుతురును కూడా బయటికి వదలని బ్లాక్ హోల్‌లో పడి, గడిచిన కాలాన్ని కూతురి గది రూపంలో చూడగలిగే ఒక చోటికి చేరి, అక్కడి నుంచి ఆమెకు సంకేతాలు పంపుతాడు. తిరిగి వచ్చేసరికి అతనింకా నడివయసులోనే ఉంటాడు, కూతురు మంచం పట్టిన ముసలావిడ.

మర్నాడు పొద్దున ఈ అమ్మాయి ఏడు ప్రశ్నలు వేశారు. ఒకటి: భూమ్మీద నుంచి లేవడానికి అంత పెద్ద రాకెట్ కావలసి వచ్చిన చిన్న నౌక, భూమి కన్నా గురుత్వం ఎక్కువున్న నీళ్ళ గ్రహం మీద నుంచి తనంతట తాను ఎలా లేచింది? రెండు: గంటకు ఏడేళ్ళని ముందే తెలుసు కదా, ఆ గ్రహాన్ని పరీక్షించడానికి పదేళ్ళ కిందటే బయల్దేరిన మిల్లర్ అనే ఆవిడ అక్కడ దిగి గంటన్నర కూడా అయి ఉండదని ఆ సైంటిస్టులకు తట్టలేదా? మూడు: అసలు గంటకు ఏడేళ్ళనేది నమ్మే సంగతేనా, మూడు గంటలకు 23 ఏళ్ళు పోగొట్టుకోవడమేమిటి? నాలుగు: మనుషుల్ని కాపాడిన అంతరిక్షపు అడ్డదారిని భవిష్యత్తు మనుషులే తెరిచారంటే, ఆ దారి లేకుండా వాళ్ళు బతికిందెలా? అయిదు: ప్రేమను నమ్మి వెళ్దామని తోటి సైంటిస్టు బ్రాండ్ అంటే కొట్టిపారేసిన కూపర్, చివరికి తనే ప్రేమ గురించి ఎలా మాట్లాడతాడు? ఆరు: తిరిగొచ్చాక కొడుకు గురించి ఒక్క మాటయినా అడగడేం? ఏడు: వస్తాడో రాడో తనకే తెలియనప్పుడు కూతురికి "వస్తాను" అని మాట ఎలా ఇచ్చాడు?

"నాన్న మొదట నవ్వుతూనే జవాబు చెప్పారు. కూపర్ వెళ్ళకపోతే ఆ పిల్లలే బతికేవారు కాదన్నారు. వెళ్ళాలనుకున్నవాడికి కారణం ఎప్పుడూ దొరుకుతుంది అన్నాను నేను. మాటా మాటా పెరిగింది. అన్నయ్య ఫోన్లోంచి తల ఎత్తకుండా 'సినిమానే కదా, వదిలేయండి' అన్నాడు. ఆఖరికి 'పిల్లల్ని వదిలేసి వెళ్ళినవాళ్ళకి కూపర్ హీరోలాగే కనిపిస్తాడులే నాన్నా' అనేశాను. నాన్న కప్పు సింకులో పెట్టి డాబా మీదకి వెళ్ళిపోయారు."

ఇది జరిగి రెండు నెలలు. "తిన్నావా", "బండి మెల్లగా నడుపు" తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు. శనివారం సినిమా ఆగిపోయింది. గొడవైన పది రోజులకు ఆమె టేబుల్ మీద నాలుగు కాగితాలు కనిపించాయి. షిప్‌లో లాగ్‌బుక్ రాసే పొందికైన అక్షరాలతో, ప్రశ్నల వరుసలోనే జవాబులు. ఆరు ప్రశ్నలకు రాశారు. ఏడో ప్రశ్న ఎత్తి రాసి, కింద ఖాళీ వదిలేశారు. ఆమె ఇంతవరకు బదులివ్వలేదు.

మే నెలలో నాన్నగారి షష్టిపూర్తి. ఈలోపు సర్దుకోండని అమ్మ పోరుతున్నారు. "కూపర్ విషయంలో ఎవరిది కరెక్టో చెప్పండి. నాది కరెక్టయితే నేనెందుకు సారీ చెప్పాలి?" అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండు గంటల 49 నిమిషాల ఆ సినిమా మళ్ళీ ఒకసారి చూశాను. "సినిమానే కదా" అని మీ అన్నయ్య అన్న మాట నేను అనను. ఇంట్లో నేరుగా మాట్లాడుకోలేని సంగతులు మనం ఎవరో ఒకరి కథ అడ్డుపెట్టుకునే మాట్లాడుకుంటాం. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళు రాముడు సీతను అడవికి పంపడం గురించి అరుగు మీద కూర్చుని గట్టిగట్టిగా వాదించుకునేవారు. ఆ వాదనలో ఎవరి కాపురం గురించి ఎవరు మాట్లాడుతున్నారో వింటున్న ఆడవాళ్ళకు తెలిసేది.

అందుకని ముందు మీ ప్రశ్నల సంగతే చూద్దాం. అవి మంచి ప్రశ్నలు. అయితే ఏడింటికీ మీరు "లాజిక్ లేదు" అని ఒకే పేరు పెట్టారు. చిక్కంతా అక్కడే మొదలైందని నాకనిపించింది.

సైన్స్ ఫిక్షన్ కథ చెప్పేవాడు మొదట్లోనే మన దగ్గర ఒక అప్పు అడుగుతాడు. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు టైమ్ మెషీన్ చూపించి, అది కథానాయకుణ్ణి 1526కి, కృష్ణదేవరాయల కొలువుకి తీసుకెళ్తుందన్నారు. ఆ పెట్టె ఎలా పనిచేస్తుందని హాల్లో ఎవరూ అడగలేదు. అది మనం ఇచ్చిన అప్పు. ఆ తర్వాత కథ తాను పెట్టుకున్న నియమాన్ని తానే తప్పితే, అప్పుడు లాజిక్ పోయిందనాలి. నమ్మశక్యంగా లేకపోవడం వేరే సంగతి. మనకు నచ్చని పని పాత్ర చేయడం ఇంకో సంగతి. ఈ మూడూ కలిసిపోతే వాదన తెగదు.

మీ మొదటి ప్రశ్న అసలైన లాజిక్ తప్పు. ఆ గ్రహం గురుత్వం భూమికి 130 శాతం అని సినిమాలోనే చెబుతారు. భూమ్మీద నుంచి లేవడానికి కిందంతా రాకెట్ కట్టాల్సి వచ్చిన నౌక, అంతకన్నా బరువైన చోట, అందులోనూ పక్కనే బ్లాక్ హోల్ ఉన్న చోట, సునాయాసంగా లేచిపోతుంది. మీ నాన్నగారు దీనికి రాసిన జవాబు మీరు ఎత్తి రాశారు: "రేవులో ఉన్నంతసేపు టగ్గులు లాగుతాయి. బయటికొచ్చాక సొంత ఇంజనే. సొంత ఇంధనం మిగుల్చుకోవడానికి భూమ్మీద రాకెట్ వాడి ఉంటారు." చదివి ముచ్చటేసింది. అయినా సరిపోదు. టగ్గు లేకుండా ఓడ కదలగలదు, కష్టమంతే. ఇక్కడ కావలసిన శక్తి లెక్క అలాంటిది కాదు. ఇంత బలం ఆ నౌకకే ఉందని కథ ముందుగా ఎక్కడా చెప్పలేదు. ఈ ప్రశ్నలో గెలుపు మీదే.

రెండోదీ చాలావరకు మీదే. పదేళ్ళను ఏడుతో భాగిస్తే గంటా ఇరవై ఆరు నిమిషాలు. ఆ కాసేపట్లో మిల్లర్ పంపిన సమాచారం చూసి, ఆ గ్రహం పదేళ్ళుగా "బాగుంది, రండి" అంటోందని అనుకోవడం సైంటిస్టులు చేయాల్సిన పొరపాటు కాదు. ఆమె చనిపోయి నిమిషాలే అయి ఉంటుందని దిగిన తర్వాత గానీ వాళ్ళకు వెలగదు. మీ నాన్నగారు రాసింది చూడండి: "లెక్క కళ్ళ ముందే ఉంటుంది. వాచ్‌లో ఉన్నవాడికి కనిపించని రోజులుంటాయి." మీరు దీన్ని సమర్థింపు అన్నారు. నాకలా అనిపించలేదు. ఓడ మీద రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే కాపలా డ్యూటీ, నిలబడి, ఎప్పుడో ఒకసారి కనిపించాల్సింది కనిపించక భయపడ్డ మనిషి రాసిన వాక్యంలా ఉంది. అది ఏ రాత్రో మీరు అడగవచ్చు.

మూడో ప్రశ్నలో మాత్రం ఆయన వైపే న్యాయం. గంటకు ఏడేళ్ళనేది కట్టుకథ కాదు. బలమైన గురుత్వం దగ్గర కాలం మెల్లగా నడుస్తుందని ఐన్‌స్టయిన్ 1915లో ఇచ్చిన సిద్ధాంతంలోనే ఉంది. మీ ఫోన్లో దారి చూపించే జీపీఎస్‌కు కూడా ఈ లెక్క కావాలి. పైనున్న ఉపగ్రహాల గడియారాలు మన గడియారాల కన్నా రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులో కిలోమీటర్ల తేడా వస్తుంది. అయితే మైక్రోసెకన్లెక్కడ, ఏడేళ్ళెక్కడ? ఆ సినిమాకు సలహాదారుగా ఉన్న భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్, తర్వాత 2017లో నోబెల్ అందుకున్న ఆయన, ఆ లెక్క కుదరాలంటే బ్లాక్ హోల్ తిరగగలిగిన గరిష్ఠ వేగానికి వెంట్రుకవాసి తక్కువలో తిరుగుతూ ఉండాలని తేల్చారు. అలాంటిది దొరకడం మహా అరుదు. అరుదైనదాన్ని లాజిక్ లేనిది అనకూడదు.

నాలుగోది గురించి ఆయన "బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ఓడకు మొదలేది, చివరేది" అని రాశారు. నేను అంతకన్నా బాగా చెప్పలేను. ఈ సినిమాలో కాలం ఒక చుట్టు. ఆ చుట్టు ఎక్కడా తెగలేదు కాబట్టి కథ తన నియమం తప్పలేదు. మింగుడుపడకపోతే అది వేరే. అయిదోదాని మీద ఎక్కువ మాట్లాడను. మనిషి మారాడు, మారే అంత జరిగింది.

ఆరో ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి. దానికి ఆయన జవాబు మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు: "టామ్ విషయంలో నువ్వన్నదే నిజం. కూపర్‌ది తప్పు." అమ్మా, కూపర్‌ని గుడ్డిగా వెనకేసుకొస్తున్నారని మీరు మూడు పేజీలు రాసిన మనిషి, తన చేత్తో, సిరాతో, తప్పని ఒప్పుకున్నారు. పైగా తప్పు కొడుకు విషయంలో. టామ్ ఏళ్ళ తరబడి ఆ నౌకకు మెసేజీలు పంపుతాడు. పెళ్ళి గురించి చెబుతాడు, పుట్టిన బిడ్డను చూపిస్తాడు, ఇక నువ్వు లేవనుకుంటానని చెప్పి ఆపేస్తాడు. కూపర్ తిరిగొచ్చాక అతని పేరే ఎత్తడు. ఈ ప్రశ్న మీరు లేవదీసినప్పుడు మీ అన్నయ్య పక్కనే ఫోన్ చూసుకుంటూ ఉన్నారు. ఆయన "వదిలేయండి" అనడం వెనక ఏముందో నేను ఊహించను. మీరు మాత్రం ఒకసారి ఫోన్ చేసి, సినిమా ఊసెత్తకుండా, "నాన్న షిప్ మీద ఉన్నప్పుడు నీకెలా ఉండేది" అని అడగండి. పదకొండు పేజీల్లో ఆయనకు మీరిచ్చింది రెండే వాక్యాలు.

ఇక అసలు ప్రశ్న. కూపర్ వెళ్ళడం కరెక్టా?

ఇది లాజిక్ ప్రశ్న కానే కాదు. వెళ్ళడానికి అతనికి కారణాలున్నాయి, కథలో అన్నీ అతుకుతాయి. మీరు అడుగుతున్నది న్యాయం గురించి. ఆ విషయంలో మీ ఇద్దరూ గమనించని సంగతి ఒకటి సినిమాలోనే ఉంది. బ్లాక్ హోల్‌లోంచి కూతురి గది వెనక్కి చేరగానే కూపర్ చేసే మొదటి పని ఏమిటో గుర్తు తెచ్చుకోండి. లోకాన్ని కాపాడే లెక్కలు పంపడం తర్వాతి మాట. ముందు పుస్తకాలు కిందకి తోసి, "ఉండిపో" అని మోర్స్ కోడ్‌లో చెబుతాడు. గుమ్మం దాటబోతున్న తనకు తానే, వెళ్ళొద్దని చెబుతున్నాడు. అలమర వెనక నుంచి గుద్దుతూ ఏడుస్తాడు. వెళ్ళడం తప్పని ఆ క్షణాన గట్టిగా నమ్మినవాడు కూపరే. ఆ కబురు అందింది కూడా. పదేళ్ళ మర్ఫ్ దాన్ని చదివి చెప్పింది. అయినా ఆ పెద్దమనిషి విననే లేదు, వెళ్ళాడు.

అంటే వెళ్ళకూడదన్న మీ మాటా సినిమాలో ఉంది, వెళ్ళక తప్పలేదన్న మీ నాన్నగారి మాటా ఉంది. రెండూ ఒకే మనిషి నోట. నేను తీర్పు చెప్పాలంటే ఇంతే చెప్పగలను: వెళ్ళినందుకు కూపర్‌ని నేను తప్పుపట్టను. వెళ్ళిన తీరుకు తప్పుపడతాను. మర్ఫ్ చేతిగడియారం విసిరేసి అటు తిరిగి పడుకుంటే, ఆ పిల్లతో సర్దుకోకుండానే బండెక్కేశాడు. మామగారు ముందే హెచ్చరించారు, వెళ్ళేలోపు ఆ పిల్లతో సర్దుకోమని.

ఏడో ప్రశ్నకు మీ నాన్నగారు ఖాళీ వదిలారు. నాకు తోచింది చెబుతాను, ఇది ఆయన జవాబు అనుకోకండి. మన ఇళ్ళలో బయటికి వెళ్ళేవాడు "వెళ్తాను" అనడు. అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తాను అను" అని దిద్దుతారు. వెళ్ళడంలోనే రావడం కలిపి చెప్పడం మన నాలుకకు అలవాటు చేశారు. వస్తామో లేదో పక్క వీధి సంతకు వెళ్ళేవాడికీ తెలియదు, పసిఫిక్ దాటేవాడికీ తెలియదు. ముప్పై ఏళ్ళకు పైగా, ఏడాదికి ఒకటో రెండో సార్లు, మీ గుమ్మంలో నిలబడి ఆ మాట అన్న మనిషిని మీరు ఆ ప్రశ్న అడిగారు.

ఇప్పుడు ఉత్తరంలో నన్ను ఆపేసిన రెండు చోట్లు.

మూడో జవాబులో ఆయన ఇలా రాశారని ఎత్తి రాశారు: "23 ఏళ్ళు ఎలా పోయాయని అడిగావు. పోయేటప్పుడు తెలియదు. నువ్వు నాలుగో తరగతిలో ఉండగా మేం అమెరికా నుంచి జపాన్ వెళ్తూ డేట్ లైన్ దాటాం. నీ పుట్టినరోజు తేదీ ఆ ఏడాది మా ఓడలో రాలేదు." దాని కింద మీరు "ఇది జవాబా? ప్రశ్న తప్పించుకోవడం కాదా?" అన్నారు. పసిఫిక్ మధ్యనున్న ఆ ఊహా గీతను పడమరగా దాటితే క్యాలెండర్లో ఒక తేదీ పోతుంది. అది ఓడవాళ్ళకు మామూలు సంగతి. అలాంటి దాటడాలు ఆయన జీవితంలో ఎన్నో ఉండి ఉంటాయి. ఇన్నేళ్ళ తర్వాత అందులో ఒక్కటి, మీరు ఏ తరగతిలో ఉన్నారో దాంతో సహా గుర్తుంది. సినిమా గురించి అడిగితే సినిమా గురించి చెప్పలేదన్నది మీ ఫిర్యాదు. నిజమే, చెప్పలేదు. అంతకన్నా పెద్ద సంగతి చెప్పారు.

రెండోది మీది. ఆరో పేజీ అడుగున ఉంది: "2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇంట్లో నేనూ అమ్మే. కిటికీ అద్దాలు పగిలి రాత్రంతా పడకగది తలుపుకు మంచం అడ్డుపెట్టి కూర్చున్నాం. నాన్న ఫోన్ చేయలేదు. సరే, అది వేరే విషయం." తర్వాతి వాక్యంలో మళ్ళీ మిల్లర్ గ్రహం.

అది వేరే విషయం కాదనుకుంటాను. హుద్‌హుద్ అక్టోబరు 12న మీ ఊరిని తాకింది. ఈ సినిమా వచ్చింది ఆ నవంబరులో. మీకప్పుడు 17 ఏళ్ళు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, బీచ్ రోడ్డు పొడవునా చెట్లు కూలిపోయి ఊరు ఊరిలా లేదు. ఆ రోజుల తర్వాత, ఇంటిని దుమ్ముకు వదిలి వెళ్ళిపోయిన తండ్రి కథ మీరు ఎలా చూసి ఉంటారో నాకు అర్థమవుతోంది.

ఒక్క చిన్న మాట పట్టుకుంటాను, ఏమీ అనుకోకండి. మీరు "నాన్న ఫోన్ చేయలేదు" అని రాశారు. "ఫోన్ రాలేదు" అని రాయలేదు. ఆ వారం విశాఖలో టవర్లు పడిపోయి, పక్క వీధిలో ఉన్నవాళ్ళకే ఫోన్లు కలవలేదు. చేస్తే రాలేదో, చేయనే లేదో మీకు తెలుసా? ఆ సినిమాలో కూపర్‌కు ఇంటి నుంచి మెసేజీలు అందుతాయి, తిరిగి పంపే దారి ఉండదు. ఇవతల మర్ఫ్‌కి తెలిసిందల్లా నాన్న పలకడం లేదని. మీ నాన్నగారు ఆ రాత్రి ఏ సముద్రంలో ఉన్నారో, ఏ టీవీలో మన ఊరి పేరు చూశారో, లేక రెండు రోజుల దాకా ఏమీ తెలియకుండా వాచ్ చేసుకున్నారో నాకు తెలియదు. మీ ఉత్తరం చూస్తే మీకూ తెలియదు. పదేళ్ళు దాటినా అడగలేదు.

ఇప్పుడు మీ ముందు ఏ దారులున్నాయో చూద్దాం.

అన్న మాటకు మాత్రం సారీ చెప్పి ఊరుకోవడం సులువైనది. అభిప్రాయం మార్చుకోనక్కర లేదు. "కూపర్ గురించి నేననుకున్నది అనుకున్నదే నాన్నా, ఆ ఆఖరి మాట మాత్రం అనకుండా ఉండాల్సింది" అనవచ్చు. ఆయన "పోనీలేమ్మా" అంటారు. షష్టిపూర్తి నవ్వుతూ జరుగుతుంది, అమ్మగారికి ప్రాణం కుదుటపడుతుంది. కానీ అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. ఇంకో శనివారం ఇంకో సినిమాలో ఇంకో తండ్రి వెళ్ళిపోతాడు, మళ్ళీ ఇదే జరుగుతుంది.

ఆయన కాగితాలకు కాగితాలతోనే బదులు రాయడం ఇంకో దారి. నాకైతే ఇది ఇష్టం. మీ ఇద్దరి భాష ఇదే కదా. ఒకటి, రెండు ప్రశ్నలు వదులుకోకండి, మూడూ నాలుగూ ఒప్పుకోండి. ఆయన మెప్పు కోసం ఓడిపోతే ఆయనకే నచ్చదు, అలాంటి వాదనను రెండేళ్ళుగా ఆనందించిన మనిషి కాదు ఆయన. దీనివల్ల ఆదివారం కాఫీ మళ్ళీ మొదలవుతుంది. ఒక్క ఇబ్బంది, ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ మర్యాదగా పక్కకు తప్పుకునే అవకాశం ఉంది. తప్పుకున్నా కొంపేమీ మునగదు. కొన్ని ఖాళీలు కొన్నాళ్ళు ఉండనివ్వవచ్చు.

మూడో దారి హుద్‌హుద్ గురించి నేరుగా అడగడం. దీనికి సిద్ధపడి వెళ్ళాలి. మీకు ఊరటనిచ్చే జవాబే వస్తుందని నేను హామీ ఇవ్వలేను. ఎన్నోసార్లు చేశాను, కలవలేదు అనవచ్చు. కబురు తెలిసేసరికే మూడు రోజులైంది అనవచ్చు. ఆ కాంట్రాక్టు మధ్యలో దిగే వీలుండి కూడా అన్నయ్య ఫీజు కోసం దిగలేదు అనవచ్చు. లేదా మీ అమ్మగారే "ఇక్కడంతా బాగానే ఉంది, కంగారుపడకండి" అని చెప్పి ఉండవచ్చు. ఓడవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు అలా చెప్పడం నేను చూశాను. చివరిది నిజమైతే మీ కోపం రాత్రికి రాత్రి ఇంకొకరి మీదకి మళ్ళుతుంది, అందుకు ఆవిడ సిద్ధంగా ఉండకపోవచ్చు. అందుకే ఈ దారిలో వెళ్తే ముందు అమ్మగారితో ఒక మాట అనండి. అడిగేటప్పుడు "ఎందుకు చేయలేదు" అని మొదలుపెట్టకండి. "ఆ రోజు మీరెక్కడున్నారు నాన్నా" అని అడగండి. ఓడ మనిషికి ఎక్కడున్నాడో చెప్పడం తేలిక, అక్కడి నుంచి మిగతాది వస్తుంది. షష్టిపూర్తికి వారం ముందు మాత్రం వద్దు. ఇల్లంతా చుట్టాలున్నప్పుడు ఇలాంటి సంభాషణ మధ్యలో తెగిపోతే అతకడం కష్టం.

ఏమీ చేయకుండా కాలానికి వదిలేయడమూ ఉంది. చాలా ఇళ్ళలో అదే చేస్తారు, పైకి పనిచేస్తుంది కూడా. కాకపోతే ఆయన తన వంతు ఇప్పటికే ఆడారు. నాలుగు కాగితాలు రాసి మీ టేబుల్ మీద పెట్టడమంటే ఆ వయసు మగవాడికి చిన్న సంగతేమీ కాదు. నెలన్నరకు పైగా రోజూ మీ ముఖం చూసి, చదివిందో లేదో అనుకుంటూ ఉంటారు. ఆ సినిమాలో మర్ఫ్ తండ్రికి మొదటి మెసేజ్ పంపేసరికి, వెళ్ళినప్పటి తండ్రి వయసు తనకు వచ్చేసింది. మీరు ఏ దారి ఎంచుకున్నా, కాగితాలు చదివానని మాత్రం ఇవాళో రేపో చెప్పండి. అంతవరకైతే సలహాగా కాకుండా ఒక మాటగా అడుగుతున్నాను.

సారీ ఎందుకు చెప్పాలని అడిగారు. ఆయన వెళ్ళినందుకు మీకు కలిగిన బాధ నిజం. దానికి సారీ అక్కర్లేదు, దాన్ని ఎవరూ మీ నుంచి లాక్కోకూడదు కూడా. ఆయన జీతంతోనే ఇల్లు నడిచిందని, మీ చదువు అయిందని గుర్తుచేసి నోరు మూయించేవాళ్ళు ఉంటారు, వినకండి. జీతం వచ్చింది, నాన్న రాలేదు, రెండూ జరిగాయి. ఆ బాధను "పిల్లల్ని వదిలేసినవాళ్ళు" అన్న మాటలో చుట్టి, అన్నయ్య ముందు విసిరారు చూడండి, సారీ అంటూ చెబితే దానికి చెప్పాలి.

వీలైతే ఒక సాయంత్రం ఇద్దరూ ఆర్.కె. బీచ్‌కి నడిచి వెళ్ళండి. రేవులో చోటు కోసం లంగరేసి ఉన్న ఓడలు చీకటి పడ్డాక దీపాలతో వరుసగా కనిపిస్తాయి. ఆయన ఎప్పుడైనా అక్కడ, ఇంటి దీపాలు కనిపించేంత దగ్గరలో, దిగడానికి వీల్లేక నిలబడ్డారేమో అడగండి. సినిమా మాట రాకపోయినా ఫరవాలేదు.

బదులు రాయాలనే అనుకుంటే ఒక్క జాగ్రత్త. రెండో ప్రశ్నకు మీ లెక్క వేసేటప్పుడు, మిల్లర్ బయల్దేరి ఎన్నేళ్ళయిందని సినిమాలో చెబుతారో ఆ సీన్ మళ్ళీ చూసి రాయండి. ఓడకు దారి లెక్కగట్టిన మనిషి ఆయన. అంకె తేడా వస్తే ముందు అదే పట్టుకుంటారు, ఆ ఆదివారం మిగతా ఆరు ప్రశ్నలకూ టైమ్ సరిపోదు.